తెలుగు పాట, మద్రాసు ప్లేటు

కర్ణాటక సంగీతంలో అత్యధిక భాగం తెలుగులో ఉంది. ఆ సంగీతాన్ని ప్లేట్లుగా, క్యాసెట్లుగా అమ్మిన కంపెనీల్లో చెప్పుకోదగ్గ పెద్ద కంపెనీ ఒక్కటీ తెలుగునాట పుట్టలేదు. లండన్, కలకత్తా, బెర్లిన్, మద్రాసు, బెంగళూరు పేర్లే లేబుళ్ళ మీద కనిపిస్తాయి. త్యాగరాజ కీర్తన తెలుగు, పాడినవారి ఊరు తంజావూరో మధురో, అచ్చు వేసింది కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో. నూరేళ్ళ రికార్డు చరిత్రను తెలుగు వైపు నుంచి చూస్తే మొదట కనిపించే విషయం ఇదే.

గ్రామఫోన్ కంపెనీ 1898లో లండన్‌లో మొదలైంది. నాలుగేళ్ళకే దాని రికార్డింగు నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ పరికరాలు మోసుకుంటూ కలకత్తా చేరాడు. 1902 నవంబరులో అతను అక్కడ రికార్డు చేసినవారిలో గాయని గౌహర్ జాన్ ఉంది. ఆమె పాట ముగిసీ ముగియగానే ఇంగ్లీషులో తన పేరు చెప్పుకునేది. ఇది కేవలం గొప్పకోసం చేసిన పని కాదు. మైనపు ప్లేట్లు ఓడెక్కి జర్మనీలోని హానోవర్ వెళ్ళేవి. అక్కడ అచ్చు వేసేవాళ్ళకు ఏ పాట ఎవరిదో తెలియాలంటే గొంతే సాక్ష్యం చెప్పాలి. కొద్ది సంవత్సరాల తరవాత, 1908 ప్రాంతంలో, కలకత్తాలోనే ఫ్యాక్టరీ వచ్చింది. 1920ల చివర అది డమ్‌డమ్‌కు మారింది. దక్షిణాది ప్లేట్లు చాలావరకు అక్కడే పుట్టాయి.

మద్రాసు ప్రాంతంలో తొలి రికార్డింగులు 1904-05 నాటికి జరిగాయి. అప్పుడు యంత్రం ముందు నిలబడినవాళ్ళలో సేలం గోదావరి, బెంగళూరు నాగరత్నమ్మ వంటి దేవదాసీ విద్వాంసురాళ్ళ పేర్లే ముందు వినిపిస్తాయి. పురుష విద్వాంసులు చాలామంది వెనకాడారు. యంత్రంలోకి పాడితే గొంతు పోతుందని కొందరు, చెప్పులు విప్పని అంగడిలో కూడా తమ పాట మోగుతుందని మరికొందరు భయపడ్డారు. కంచి నైనా పిళ్ళై ఒక్క ప్లేటు కూడా ఇవ్వకుండానే పోయారు. వీణ ధనమ్మాళ్ రికార్డులు 1932లో, ఆమె వృద్ధాప్యంలో వచ్చాయి. అప్పటికి గౌరవమర్యాదల లెక్కలు మారాయి. ఆడవాళ్ళు ముందుగా వచ్చి వేసిన దారిలోనే విద్వాంసులు నడిచారన్నది ఈ చరిత్రలో సరిగ్గా గుర్తింపు దక్కని సంగతి. నాగరత్నమ్మ అయితే అంతటితో ఆగలేదు. 1910లో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను పరిష్కరించి వావిళ్ళవారి చేత అచ్చు వేయిస్తే ఆ పుస్తకం నిషేధానికి గురైంది. తరవాత తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి గుడి కట్టించింది. ఆ కాలంలో గ్రామఫోను కంపెనీ కళాకారిణి అంటే ఎంతటి మనిషి అయి ఉండేదో ఈ ఒక్క జీవితం చెబుతుంది.

ప్లేటు తయారీ గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే సంగీతం రూపు మారింది అక్కడే. 1925కి ముందు మైకు లేదు. పెద్ద గొట్టంలోకి గాయకుడు గట్టిగా పాడాలి. ఆ శబ్దానికి అదిరే పొర ఒక సూదిని కదిలిస్తే, సూది మైనంలో గీత గీసేది. తంబూరా శ్రుతి నిలకడగా వినపడటం కష్టం. మృదంగం దగ్గరికి వస్తే సూది ఎగిరిపడేది. వయొలిన్ వాద్యకారుణ్ణి దాదాపు గొట్టంలోకి దూర్చేవారు. అందుకే ఆ కాలపు ప్లేట్లలో గొంతు పైస్థాయిలో ఖణేల్‌మంటుంది, మిగతావన్నీ ఎక్కడో దూరాన ఉన్నట్టుంటాయి. మైకు వచ్చాక మంద్రస్థాయి, మెల్లని పలుకు, గమకంలోని ఒంపు పట్టుబడ్డాయి. మైనపు గీతకు లోహపు అచ్చు తీసి, దాంతో లక్కముద్దను నొక్కితే నల్లటి ప్లేటు తయారయ్యేది. లక్కకు సున్నపురాతి పొడి లాంటి ఖనిజాలు, మసి కలిపేవారు. ఆ లక్క మన దేశానిదే. బీహారు, ఛోటానాగపూర్ అడవుల సరుకు ప్రపంచమంతటి రికార్డు ఫ్యాక్టరీలకు వెళ్ళేది.

పదంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. ఒక పక్క మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. పన్నెండంగుళాలదైతే నాలుగున్నర దాకా. కచేరీలో గంటసేపు సాగే రాగం, నెరవు, స్వరకల్పన ఆ మూడు నిమిషాల్లో ఎలా ఇమడాలి? ఇమడలేదు. ఆలాపన నాలుగైదు పట్లకు కుదించారు. పల్లవి, అనుపల్లవి, ఒక చరణంతో పాట ముగించారు. కాలం కొంచెం హెచ్చించారు. సంగతుల్లో మెరుపున్నవే ఉంచారు. ఇలా కుదించుకోగలిగిన త్యాగరాజ కీర్తనలకు, అందులోనూ మధ్యమకాలం కృతులకు, ప్లేటు బాగా అనుకూలించింది. దీక్షితుల విళంబకాల కృతులకు అంత అనుకూలించలేదు. ఏ కీర్తన ఇంటింటికీ తెలిసింది, ఏది విద్వాంసుల పెట్టెలోనే ఉండిపోయింది అన్నదాంట్లో గడియారం పాత్ర చాలానే ఉంది.

పాఠాంతరం మీద కూడా ప్లేటు ప్రభావం పడింది. గురువు ముఖతా నేర్చుకునే రోజుల్లో ఒక కీర్తనకు ఊరికో బాణీ ఉండేది. ప్లేటు వచ్చాక అందరికీ వినపడే బాణీ ఒకటైంది. దీనికి ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ ‘నగుమోము’ ప్లేటును సంగీత చరిత్రకారులు తరచుగా ఉదాహరణగా చూపిస్తారు. ఈ రోజు ఆభేరి అనగానే అందరూ పాడే స్వరూపం అంతగా పాతుకుపోవడానికి ఆ ప్లేటు ప్రజాదరణ ఒక కారణం అంటారు. పాతకాలంలో ఆ రాగానికి శుద్ధ ధైవతం ఉండేదని లక్షణగ్రంథాలు తెలిసినవాళ్ళు గుర్తు చేస్తుంటారు. జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం ‘వాసుదేవయని’, టి.ఎన్. రాజరత్నం పిళ్ళై నాదస్వరం తోడి కూడా ఇలా జనం నోళ్ళలో నానిన ప్లేట్లే. ‘నగుమోము’, ‘వాసుదేవయని’ రెండూ తెలుగు కీర్తనలు. పాడినవాళ్ళు తమిళులు. తెలుగు పలుకు అక్కడక్కడ దారి తప్పిన మాట నిజమే, అయినా తెలుగువాడు ఆ ప్లేట్లను కొనకుండా ఉండలేదు.

అప్పటి మార్కెట్టులో లేబుళ్ళు చాలా కనిపించినా యజమానులు కొందరే. కుక్క బొమ్మతో హెచ్.ఎం.వి., కొలంబియా, జర్మనీ నుంచి వచ్చిన ఓడియన్, చవకరకం ప్లేట్లకు ట్విన్. 1931లో లండన్‌లో హెచ్.ఎం.వి. మాతృసంస్థ, కొలంబియా కలిసి ఇ.ఎం.ఐ. అయ్యాయి. ఓడియన్ అప్పటికే కొలంబియా గొడుగు కింద ఉంది. కాబట్టి దుకాణంలో పోటీ పడుతున్నట్టు కనిపించిన లేబుళ్ళు చాలావరకు ఒకే చూరు కిందివి. దక్షిణాదిలో ఓడియన్ ప్లేట్ల వ్యాపారం చేసిన సరస్వతీ స్టోర్స్ వెనక ఉన్నది ఎ.వి. మెయ్యప్పన్. ప్లేట్ల అమ్మకంతో మొదలుపెట్టిన ఆయనే తరవాత సినిమా తీసి ఎ.వి.ఎం. అయ్యారు. హచిన్స్ వంటి కంపెనీలు కూడా 1930లలో నడిచాయి. కళాకారులకు ఎక్కువసార్లు ఏకమొత్తం డబ్బే దక్కేది. పేరున్న కొందరికి మాత్రమే అమ్మకాలపై వాటా ఉండేది.

 1940లలో తమిళ ఇసై (తమిళ సంగీతం) ఉద్యమం లేచింది. తమిళనాట కచేరీలన్నీ తెలుగు పాటలతోనే నిండుతున్నాయన్న బాధ దానికి మూలం. రాజా సర్ అన్నామలై చెట్టియార్ అండగా నిలిచారు. 1943లో తమిళ ఇసై సంగం ఏర్పడింది. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. తెలుగువాళ్ళు దానికి నొచ్చుకోవలసిన పని లేదు. మద్రాసు సభల్లో, ప్లేట్లలో తెలుగు ఎంత నిండి ఉండేదో దానివల్లే బాగా తెలుస్తుంది.

అయితే తెలుగునాట సామాన్యుడి ఇంట్లో మోగినది ఎక్కువగా కచేరీ ప్లేటు కాదు, నాటక పద్యం ప్లేటు. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకుల పద్యాలకు ప్లేట్ల ద్వారా వచ్చిన పేరు కొందరు పెద్ద విద్వాంసులకు కూడా రాలేదు. పద్యానికి తాళం కట్టుబాటు లేదు. మూడు నిమిషాల్లో రాగాన్ని చూపించి, మాట స్పష్టంగా పలికి, చివర్లో గొంతు పైకి ఎత్తి వదిలేయవచ్చు. ప్లేటు కొలతకు కొలిచి కుట్టినట్టుండే సరుకది. శాస్త్రీయ సంగీతం వినే అలవాటు లేని ఇళ్ళలోకి మోహన, కాంభోజి, శంకరాభరణం రాగాలు ఈ దారినే వెళ్ళాయి. విచిత్రమేమంటే, పద్యరాగాల మోజును గట్టిగా వ్యతిరేకించిన మహానటుడు బళ్ళారి రాఘవ కూడా తెలుగువారే. తాడిపత్రిలో 1880లో పుట్టి, బళ్ళారిలో వకీలుగా ఉంటూ నటించిన రాఘవ నాటకంలో నటన ముందుండాలని, సాగదీసిన ఆలాపన దాన్ని చంపుతుందని వాదించేవారు. ప్లేట్ల కంపెనీలు మాత్రం ఆయన మాట వినలేదు. అమ్ముడుపోయేది ఆలాపనే మరి.

బళ్ళారి మాట వచ్చింది కాబట్టి పశ్చిమ కర్నూలు గురించి ఒక సంగతి. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లాలోనివే. మద్రాసు నుంచి వచ్చే రైలుమార్గం, బొంబాయి నుంచి వచ్చే మార్గం 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారిలోనే ఆదోని స్టేషన్ ఉంది. పత్తి వ్యాపారం పుణ్యమా అని ఆదోనికి రెండో బొంబాయి అని పేరు. ఒక వైపు మద్రాసు కర్ణాటక బాణీ, మరో వైపు ధార్వాడ-హుబ్బళ్ళి హిందుస్తానీ బాణీ. మద్రాసు, బొంబాయి అనే రెండు రికార్డు రాజధానుల మధ్య దారిలో ఉన్న ఊరు ఆదోని. సి.బెళగల్, కోడుమూరు, ఎమ్మిగనూరు ప్రాంతమంతా భాషలోనూ సంగీతంలోనూ ఇలాంటి సరిహద్దే.

ఆ పడమటి గాలి కూడా ప్లేట్లలో ఉంది. ధార్వాడలో పుట్టిన గంగూబాయి హానగల్ 1930ల మొదట్లో హెచ్.ఎం.వి.కి ఇచ్చిన ప్లేట్లపై ఆమె పేరు గాంధారి అని ఉండేది. మల్లికార్జున మన్సూర్ కూడా ఆ దశకంలోనే హెచ్.ఎం.వి.లో అడుగు పెట్టారు. రెండు బాణీల మధ్య రాకపోకలకు అన్నిటికన్నా మంచి సాక్ష్యం కిరానా ఘరానా ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్ గొంతు. మైసూరు దర్బారుకు వెళ్తూ వస్తూ కర్ణాటక రాగాల మీద మక్కువ పెంచుకున్న ఆయన త్యాగరాజ కీర్తన ‘రామ నీ సమానమెవరు’ను ఖరహరప్రియలో ప్లేటు మీద పాడారు. అరవై దాటిన ఉస్తాద్, హిందుస్తానీ పట్టు చెడకుండా తెలుగు మాటలు పలుకుతుంటే వినడం ఒక ప్రత్యేకమైన అనుభవం. శాస్త్రం ప్రకారం ఎవరైనా పెదవి విరవవచ్చు. కానీ ఆ ప్లేటు ముందు శాస్త్రం కాసేపు మౌనంగా ఉంటుంది. 1937 అక్టోబరులో ఆయన మద్రాసు నుంచి పుదుచ్చేరి వెళ్తూ దారిలో సింగపెరుమాళ్ కోవిల్ స్టేషన్‌లో కన్నుమూశారు.

తెలుగువారు ప్లేట్లలో లేరని కాదు. విజయనగరం సంగీత కళాశాలకు 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ప్లేట్లు దక్షిణాదిలో అందరికీ తెలుసు. చూపు మందగించిన ఆయన కమాను నాదం మైకు ముందు ఎంత నిండుగా ఉండేదో ఆ పాత ప్లేట్లు ఇప్పటికీ చెబుతాయి. వీణలో చిట్టిబాబు, ఈమని శంకరశాస్త్రి లాంగ్‌ప్లే రికార్డుల కాలంలో వెలిగారు. 33⅓ చుట్ల లాంగ్‌ప్లేలో ఒక పక్క 20 నిమిషాలకు పైగా పడుతుంది. మూడు నిమిషాల చెర వదిలింది. ఆలాపన మళ్ళీ ఆలాపన అయింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ సుప్రభాతం 1963లో హెచ్.ఎం.వి. లాంగ్‌ప్లేగా వచ్చింది. దక్షిణాది ఇళ్ళల్లో తెల్లవారుజాము అంటే ఆ గొంతే అనిపించేంతగా అది పాకింది. దాని రాయల్టీని ఆమె తిరుమల తిరుపతి దేవస్థానం వేదపాఠశాలకు ఇచ్చేశారు.

తెలుగు వైపు నుంచి పెద్ద మార్పు కంపెనీల నుంచి కాక దేవస్థానం నుంచి వచ్చింది. అన్నమయ్య పదాల రాగిరేకులు 1922లో తిరుమల అరలోంచి వెలికివచ్చినా, వాటికి రాగాలు కట్టి పాడుకునేదాకా చాలా కాలం పట్టింది. అనంతపురం జిల్లా రాళ్ళపల్లికి చెందిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వాటికి స్వరరచన చేసిన తొలి తరంలో ముఖ్యులు. 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు మొదలైంది. 1979-80లో సుబ్బులక్ష్మి గొంతుతో బాలాజీ పంచరత్నమాల అనే అయిదు రికార్డుల సంపుటి హెచ్.ఎం.వి. లేబుల్‌పై వచ్చింది. వాటిలోని కొన్ని అన్నమయ్య కీర్తనలకు రాగం కట్టింది నేదునూరి కృష్ణమూర్తి. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ ఆ ప్రాజెక్టు గొంతుగా నిలిచి వందల సంకీర్తనలకు రాగాలు కూర్చారు. 2025 మార్చిలో ఆయన మరణించినప్పుడు తెలుగువాళ్ళు తలచుకున్నది సభల్లో పాడిన విద్వాంసుణ్ణి మాత్రమే కాదు, ఇంట్లో క్యాసెట్టులో రోజూ వినపడిన మనిషిని.

క్యాసెట్టు వచ్చాక కంపెనీ పెట్టడం తేలికైంది. ఫ్యాక్టరీ అక్కర్లేదు. ఒక స్టూడియో, కొన్ని కాపీ యంత్రాలు చాలు. 1980లలో సంగీత, వాణి వంటి లేబుళ్ళు పుట్టాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు ఈ కొత్త లేబుళ్ళకు పెద్ద పెట్టుబడి. రామదాసు కీర్తనలు, తరంగాలు, అష్టపదులు ఆయన గొంతులో తెలుగిళ్ళకు చేరాయి. పాలకొల్లు కుర్రాడు ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ క్యాసెట్లతో పాటు 1995లో ఇంగ్లాండులోని రియల్ వరల్డ్ లేబుల్‌కు కూడా ఒక ఆల్బమ్ ఇచ్చాడు. వాయిద్యం పాశ్చాత్యం, సంగీతం కర్ణాటకం, లేబుల్ విదేశీ. 2014లో 45 ఏళ్ళకే ఆయన పోయారు.

ఈ కథలో కంపెనీల లెక్కకు అందని మనిషి ఒకరు కర్నూలులో ఉండేవారు. శ్రీపాద పినాకపాణి. వృత్తి వైద్యం. కర్నూలు వైద్యకళాశాలలో పనిచేసి, 2013 మార్చిలో 99 ఏళ్ళ వయసులో చనిపోయేదాకా ఆ ఊళ్ళోనే ఉన్నారు. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. కంపెనీ రికార్డుల్లో ఆయన గొంతు కన్నా ఆయన శిష్యుల గొంతులే ఎక్కువ వినిపిస్తాయి. నేదునూరి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం, అందరూ ఆ కొలిమిలో రాటుదేలినవారే. రికార్డు పట్టుకోలేనిదాన్ని ఆయన కాగితం మీద పట్టుకున్నారు. వందలాది కృతులకు గమకంలో అణువు కూడా తప్పిపోకుండా స్వరం రాసి ‘సంగీత సౌరభం’ సంపుటాలుగా దేవస్థానం చేత ప్రచురింపజేశారు. వోలేటి పాట ఎక్కువగా నిలిచింది కూడా కంపెనీల దయవల్ల కాదు, విజయవాడ ఆకాశవాణి దయవల్ల. 1948 డిసెంబరులో మొదలైన ఆ కేంద్రం, తరవాత 1963లో వచ్చిన కడప కేంద్రం తెలుగు విద్వాంసులకు నిజమైన రికార్డు కంపెనీలుగా పనిచేశాయని చెప్పవచ్చు. అమ్మకాల లెక్క లేదు, మూడు నిమిషాల హద్దు లేదు. రాయలసీమ శ్రోతకు శాస్త్రీయ సంగీతం ఎక్కువగా అందింది డబ్బు పెట్టి కొన్న ప్లేట్లో కాదు, ఈ రేడియోలోనే.

ఆకాశవాణి 2003 నుంచి తన భాండాగారంలోని పాత కచేరీలను సీడీలుగా అమ్మడం మొదలుపెట్టింది. గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా 2000లో సరేగమ అయింది. చెన్నైలో చార్సూర్ వంటి లేబుళ్ళు ప్రత్యక్ష కచేరీ రికార్డింగులతో నిలిచాయి. ఇప్పుడు కంపెనీ అంటే ప్లేటు అచ్చు వేసేది కాదు, హక్కుల పత్రాలు దాచుకునేది.

ఆ హక్కుల లెక్క కూడా ఈ విషయంలో భాగమే. మన చట్టంలో ధ్వనిముద్రణకు ప్రచురణ తరవాత 60 ఏళ్ళ వరకే రక్షణ. అందువల్ల 78 ప్లేట్ల కాలపు శబ్దమంతా దాదాపుగా స్వేచ్ఛ పొందినట్టే. పాడిన మనిషికి ప్రత్యేక హక్కులుంటాయని చట్టం అంగీకరించడానికి మాత్రం 1994 దాకా, రాయల్టీ విషయంలో ఆ హక్కులను గట్టిపరచడానికి 2012 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. సేలం గోదావరి, నాగరత్నమ్మ, కపిలవాయి కాలపు కళాకారులకు ఇవేవీ అక్కరకు రాలేదు.

ప్లేట్లను కాపాడిన పని కూడా ఎక్కువగా కంపెనీలది కాదు. అచ్చులు, దస్తావేజులు అశ్రద్ధకు గురయ్యాయి. చెన్నైలో ఉండే వి.ఎ.కె. రంగారావు వంటి సేకర్తలు దశాబ్దాలపాటు పాత దుకాణాల్లో వెతికి వేలాది 78 ప్లేట్లు కూడబెట్టారు. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కిన్నియర్ 1908 వరకు గ్రామఫోన్ కంపెనీ వేసిన భారతీయ ప్లేట్ల నంబర్లను పట్టికగా కట్టి పుస్తకం వేశారు. ప్లేటు మధ్యలోని కాగితం చుట్టూ లక్కలో గీసి ఉండే చిన్న మాట్రిక్స్ నంబరే ఇప్పుడు ఏ పాట ఎప్పటిదో తేల్చే ఆధారం. తెలుగు పద్యాల ప్లేట్లకు అంతటి పట్టిక ఇంకా రావలసి ఉంది.